ఎగరని విమానం

ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలున్నవాళ్లకు ప్రీ-ఫైనల్స్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ మార్కులు మెమోలోకి ఎక్కవు. అయినా ఆ వారం రోజులూ ఇంట్లో టీవీ మోగదు. తప్పు చేస్తే ఇక్కడే చేసెయ్యాలి, అసలు పరీక్షలో చేయకూడదు అన్న లెక్క అందరికీ తెలుసు. విమానం నడపడం నేర్చుకునేవాళ్లకు కూడా ఇలాంటి చోటు ఒకటి ఉండాలని, అక్కడ తప్పు చేసినా ప్రాణం పోకూడదని సుమారు వందేళ్ల కిందట అమెరికాలో ఒక కుర్రాడికి అనిపించింది. అతని పేరు ఎడ్విన్ లింక్.

ఎడ్విన్ 1904 జూలై 26న ఇండియానా రాష్ట్రంలోని హంటింగ్టన్‌లో పుట్టాడు. అతనికి ఆరేళ్లప్పుడు కుటుంబం న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్టన్‌కు మారింది. దివాలా తీసిన ఒక వాద్య పరికరాల కంపెనీని తండ్రి అక్కడ కొన్నాడు. తనంతట తానే పాట వాయించే పియానోలు, మూకీ సినిమా హాళ్లలో వాడే ఆర్గన్లు ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేవి. వాటికి ప్రాణం గాలి. మన హార్మోనియంలో తిత్తి ఉన్నట్టే వాటిలోనూ తోలు, గుడ్డ తిత్తులు ఉంటాయి. చిల్లులు పొడిచిన కాగితపు చుట్ట కదులుతుంటే, చిల్లు వచ్చిన చోట గాలి కదిలి, తిత్తి ముడుచుకుని మీటను లాగుతుంది. మనిషి వేలు తగలకుండానే స్వరం పలుకుతుంది. ఎడ్విన్ చేతికి పనితనం వచ్చింది ఈ తిత్తుల మధ్యే. ఇంజినీరింగ్ డిగ్రీ ఆయనకు చివరిదాకా లేదు. గౌరవ డాక్టరేట్లు మాత్రం తరువాత చాలానే వచ్చాయి.

విమానం పిచ్చి పట్టింది 1920లో. పదహారేళ్ల వయసులో కాలిఫోర్నియాలో మొదటి పాఠానికి యాభై డాలర్లు కట్టాడు. చార్లీ చాప్లిన్ అన్న సిడ్నీ చాప్లిన్ నడిపిన సంస్థ అది. ఆ రోజుల్లో యాభై డాలర్లంటే చిన్న మొత్తం కాదు. గురువు అతన్ని వెనక కూర్చోబెట్టుకుని గంటసేపు ఆకాశంలో పల్టీలు కొట్టించి, ఇళ్ల కప్పుల మీదుగా రివ్వున తిప్పి తీసుకొచ్చి దించాడు. ఆ గంటలో కుర్రాడి చేయి ఒక్కసారి కూడా కంట్రోల్‌కు తగల్లేదు. ఫీజు కట్టిన మనకు ఆ పిల్లవాడి బాధ చప్పున అర్థమవుతుంది. గురువును మాత్రం పూర్తిగా తప్పుపట్టలేం. నేర్చుకునేవాడి చేతిలో పెట్టి వాడు తప్పు చేస్తే పోయేది ఇద్దరి ప్రాణాలూ. నేర్పాలంటే పైకి ఎగరాలి, ఎగిరితే తప్పు చేయనివ్వకూడదు. మరి తప్పు చేయకుండా నేర్చుకునేదెలా?

1926 నాటికి ఎడ్విన్ ఒంటరిగా విమానం నడిపాడు. ఆ తరువాత సెస్నా కంపెనీ అమ్మిన మొట్టమొదటి విమానాన్ని కొన్నాడు. ఊరూరా తిరిగి జనాన్ని ఎక్కించి డబ్బు తీసుకునేవాడు, పాఠాలు చెప్పేవాడు. వచ్చింది ఖర్చుకే చాలేది కాదు. ఆ రోజుల్లోనే, 1927 నుంచి 1929 దాకా, తండ్రి ఫ్యాక్టరీ నేలమాళిగలో ఒక వింత వస్తువు కట్టాడు. పొట్టి చెక్క ఒళ్లు, బుడిపెల్లాంటి రెక్కలు, చిన్న తోక. దాని కింద ఆర్గన్ తిత్తులు, వాటిలోంచి గాలి లాగే కరెంటు పంపు. లోపల కూర్చుని కర్రను ముందుకు నెడితే ముందు తిత్తి కుంగి, వెనకది ఉబ్బి, ముక్కు కిందికి వాలుతుంది. పక్కకు నొక్కితే పక్కకు ఒరుగుతుంది. పెడల్ తొక్కితే పియానో కాగితపు చుట్టను తిప్పే మోటారు లాంటిదే ఒకటి ఆ పెట్టె మొత్తాన్ని గుండ్రంగా తిప్పుతుంది. నేల మీద నుంచి అంగుళం ఎగరదు. లోపలున్నవాడికి మాత్రం ఎగురుతున్నట్టే ఉంటుంది.

ఎవరూ కొనలేదు. సైన్యం చూసి వదిలేసింది, విమానాల బడులు నవ్వాయి. ఆర్థిక మాంద్యం మొదలైన కాలం కూడాను. కొన్నవాళ్లు ఎక్కువమంది వినోద పార్కుల యజమానులు. మన తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కినట్టు పిల్లలు నాణెం వేసి అందులో ఊగేవారు. 1931లో వచ్చిన పేటెంటులోనే ఇది విద్యార్థి పైలట్లకూ, వినోదానికీ రెండిటికీ పనికొచ్చే పరికరమని రాసుకోవలసి వచ్చింది. ఆ సంవత్సరమే మారియన్ క్లేటన్ అనే పత్రికా విలేకరిని పెళ్లి చేసుకున్నాడు. కంపెనీ లెక్కలు, ఉత్తరాలు, ఆఫీసు వ్యవహారం అంతా ఆమె నెత్తిన వేసుకున్నారు. ఆమె లేకపోతే ఆ పెట్టె తిరునాళ్లలోనే ఆగిపోయేదని నా అనుమానం. రాత్రిళ్లు విమానం రెక్కల కింద దీపాలతో అక్షరాలు వెలిగించి వ్యాపార ప్రకటనలు చూపే పని కూడా లింక్ చేశాడు. ఆ దీపాలను వెలిగించి ఆర్పిందీ పియానో కాగితపు చుట్ట పద్ధతే.

అయితే ఈలోగా ఆయన పెట్టెలో ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. దానికి గేజీలు బిగించి, పైన మూత వేశాడు. మూత వేస్తే లోపల కూర్చున్నవాడికి బయట ఏమీ కనబడదు. అచ్చం మబ్బులో దూరినట్టే.

మబ్బులో ఎందుకంత ప్రమాదమో ఇంట్లోనే చూడొచ్చు. పిల్లవాణ్ణి కళ్లు మూసి, తిరిగే కుర్చీలో ఒకే వేగంతో మెల్లగా కాసేపు తిప్పండి. కొంతసేపటికి కుర్చీ ఆగిపోయిందనుకుంటాడు. నిజంగా ఆపేస్తే ఎదురు దిక్కుకు తిరుగుతున్నానంటాడు. చెవి లోపలి ద్రవం మనకు ఒరుగూ తిరుగుడూ చెబుతుంది గానీ, ఒకే తీరులో సాగే తిరుగుడుకు అలవాటు పడిపోతుంది. నేల కనబడని పైలట్‌కూ అంతే. విమానం ఒక పక్కకు ఒరిగి కిందికి జారుతున్నా తిన్నగా పోతున్నట్టే ఉంటుంది. ఒళ్లు ఒకటి చెబుతుంది, గేజీలోని ముల్లు ఇంకొకటి చెబుతుంది. ముల్లునే నమ్మాలి. వినడానికి ఎంత తేలిక! ఒళ్లంతా కాదని మొత్తుకుంటున్నప్పుడు ముల్లును నమ్మడం ఎన్నో గంటల సాధన మీద గానీ రాదు. మబ్బులోకి పోయి సాధన చేసేవాడు తిరిగి రాకపోవచ్చు. లింక్ పెట్టెలో మాత్రం, మ్యాపు మీద పాకే మూడు చక్రాల చిన్న యంత్రం అతను ఎక్కడ దారి తప్పాడో సిరాతో గీసి చూపిస్తుంది. గురువు మూత తీస్తాడు, ఇద్దరూ ఆ గీత చూసుకుంటారు, మళ్లీ మొదలుపెడతారు.

1934 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం ప్రైవేటు కంపెనీల ఎయిర్‌మెయిల్ కాంట్రాక్టులు రద్దు చేసి, ఉత్తరాలు మోసే పని సైన్యానికి అప్పగించింది. కాంట్రాక్టులు ఇచ్చిన తీరులో అక్రమాలు జరిగాయన్నది కారణం. సైన్యం పైలట్లు ధైర్యవంతులే, కానీ రాత్రిపూట, మంచులో, మబ్బులో గేజీల మీద ఆధారపడి నడిపిన అనుభవం చాలామందికి లేదు. చలికాలం మధ్యలో పని మొదలైంది. కొద్ది నెలల్లోనే పన్నెండుమంది చనిపోయారు. ఉత్తరాల సంచుల కోసం.

అప్పుడు గుర్తొచ్చింది సైన్యానికి ఆ పెట్టె. కేసీ జోన్స్ అనే పాతకాపు పైలట్ మధ్యవర్తిగా ఉండి, న్యూజెర్సీలోని న్యూవర్క్ విమానాశ్రయంలో సైన్యాధికారులతో సమావేశం పెట్టించాడు. లింక్ బింగమ్టన్ నుంచి విమానంలో రావాలి. ఆ రోజు పొగమంచు దట్టంగా కమ్మేసింది. ఇలాంటి వాతావరణంలో ఎవడూ రాడని అధికారులు లేచి వెళ్లబోతుండగా తలమీద ఇంజిన్ చప్పుడు వినబడింది. లింక్ పొగమంచులోంచి దిగి, విమానం ఆపి, నడుచుకుంటూ వచ్చాడు. తను అమ్మే పెట్టెలో తనే గంటలకొద్దీ సాధన చేసినవాడు మరి. ఈ జీవితంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. అమ్మకం మాటలు చెప్పాల్సిన అవసరమే లేకపోయింది. సైన్యం ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు పెట్టెలు కొంది.

ఆరుతో మొదలైన లెక్క రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి సుమారు 10,000కు చేరింది. నీలం ఒళ్లు, పసుపు రెక్కల వల్ల దానికి బ్లూ బాక్స్ అనే పేరు స్థిరపడింది. బింగమ్టన్‌లోనూ, కెనడాలోని గనానోక్‌లోనూ తయారైన ఆ పెట్టెల్లో సుమారు ఐదు లక్షలమంది శిక్షణ పొందారు. యుద్ధానికి ముందు జపాన్ కూడా వీటిని కొనుక్కుంది. చివరికి రెండు వైపుల పైలట్లూ లింక్ పెట్టెలో ఊగినవారే అయ్యారు. నక్షత్రాలను చూసి దారి కనిపెట్టడం నేర్పడానికి ధాన్యపు గాదె లాంటి ఎత్తైన గది కట్టించి, లోపల కప్పుకు కృత్రిమ నక్షత్రాలు అమర్చింది కూడా లింకే. నౌకా మార్గ నిపుణుడు వీమ్స్‌తో కలిసి చేసిన పని అది.

తరువాత తిత్తులు పోయి ఎలక్ట్రానిక్స్ వచ్చాయి, 1960లలో డిజిటల్ కంప్యూటర్లు వచ్చాయి. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో వ్యోమగాములు నేల మీద సాధన చేసిన సిమ్యులేటర్లు లింక్ కంపెనీ పేరు మీద వచ్చినవే. అప్పటికి ఆయన ఆ కంపెనీ రోజువారీ పని నుంచి తప్పుకుని సముద్రం వైపు వెళ్లిపోయారు. ఆ కథ చెప్పేముందు, ఆ పెట్టె ఆలోచన ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో ఒక మాట చెప్పాలి. ఇంజినీరింగ్ వైపు చూస్తున్న పిల్లలున్న ఇళ్లలో ఇది పనికొస్తుంది.

మన ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే గాజు తీగ తెలుసు కదా, ఆప్టికల్ ఫైబర్. వెంట్రుకంత సన్నగా ఉంటుంది. విమానం రెక్క పొడవునా అలాంటి తీగను అతికించి, దానిలో అక్కడక్కడా కంటికి కనబడని సన్నటి చారలు ఏర్పరుస్తారు. వాటిని బ్రాగ్ గ్రేటింగులు అంటారు. తీగలోకి కాంతి పంపితే ప్రతి చారల గుంపూ ఒక ప్రత్యేకమైన రంగును, అంటే ఒక తరంగదైర్ఘ్యాన్ని, వెనక్కి పంపుతుంది. రెక్క వంగి తీగ సాగితే చారల ఎడం మారుతుంది, వెనక్కి వచ్చే రంగు కాస్త జరుగుతుంది. పది లక్షల్లో ఒక వంతు సాగుడుకు ఆ రంగు జరిగేది సుమారు 1.2 పికోమీటర్లు. పికోమీటరంటే మీటరులో లక్ష కోట్లో వంతు. ఆ మార్పును కొలిచే పెట్టె ఒకటి విమానంలో ఉండి, రెక్క ఎక్కడ ఎంత వంగిందో కంప్యూటర్‌కు చెబుతుంది. నాసా 2008లో ఇఖానా అనే పైలట్ లేని విమానం రెక్కల మీద ఇలాంటి తీగలు పెట్టి ఎగరేసింది. అంతకు ఐదేళ్ల ముందు, 2003 జూన్ 26న, హవాయి దగ్గర హీలియోస్ అనే సౌరశక్తి విమానం 75 మీటర్ల పొడవైన రెక్క గాలి కుదుపులకు మితిమీరి పైకి వంగి, ముక్కలై సముద్రంలో పడింది. అందులో మనుషులు లేరు కాబట్టి సరిపోయింది. వంపును ఎగురుతుండగానే తెలుసుకోవడం ఎంత అవసరమో దాని తరువాత వివరించి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇక్కడే 1920 నాటి చిక్కు మళ్లీ ఎదురవుతుంది. రంగు ఇంత జరిగితే ప్రమాదం అని చెప్పే ప్రోగ్రామ్ రాశారు. అది నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు సరిగ్గా చెబుతుందని ఎలా తెలుస్తుంది? రెక్క విరిచి చూడలేం. అందుకని విమానమూ తీగా లేకుండానే, వాటి నుంచి రావాల్సిన సంకేతాలను తయారుచేసే సాఫ్ట్‌వేర్ రాస్తారు. దీన్ని ఎమ్యులేటర్ అంటారు. విమానంలోని కంప్యూటర్‌ను బల్ల మీద పెట్టి ఎమ్యులేటర్‌కు కలిపితే, అది నిజంగానే ఆకాశంలో ఉన్నాననుకుంటుంది. మూత వేసిన పెట్టెలో కుర్రాడు అనుకున్నట్టే.

ఆ తరువాత పని కష్టపెట్టడం. తీగ మధ్యలో తెగినట్టు సంకేతం పంపుతారు. కనెక్టర్‌లో దుమ్ము చేరి కాంతి మసకబారినట్టు పంపుతారు. ఎండకు రెక్క వేడెక్కినట్టు పంపుతారు. ఇది అన్నిటికన్నా చిక్కు, ఎందుకంటే వేడికి కూడా తీగ రంగు జరుగుతుంది. ఒక్క డిగ్రీకి సుమారు పది పికోమీటర్లు. కంప్యూటర్ దాన్ని రెక్క వంగిందని పొరబడకూడదు. నిజంగా వంగినప్పుడు, ఇది ఎండ వేడేలే అని ఊరుకోకూడదు. చెవి మాటకూ ముల్లు మాటకూ మధ్య నలిగిన పైలట్ స్థితే ఇదీ. ఇలాంటి పరీక్ష బల్లకు ఒక హద్దు కూడా ఉంది. ఎవరో ఒకరు ముందుగా ఊహించి అందులో పెట్టిన లోపాన్నే అది పరీక్షించగలదు.

ఇక సముద్రం. 1950లలో లింక్ మునిగిన ఓడల అన్వేషణలో పడ్డారు. 1692 జూన్ 7న భూకంపంలో సముద్రంలోకి జారిపోయిన జమైకా నగరం పోర్ట్ రాయల్‌లో, 1959లో ఆయన బృందం ఒక జేబు గడియారాన్ని పైకి తీసింది. ముళ్లు కరిగిపోయినా వాటి జాడ ఎక్స్‌రేలో కనబడింది. పదకొండు గంటల నలభై మూడు నిమిషాలు. ఆ తరువాత మనుషులు సముద్రం అడుగున ఎక్కువసేపు ఉండి పనిచేసే మార్గం వెతికారు. 1962లో ఫ్రాన్స్ తీరంలో, తను చేయించిన లోహపు గొట్టంలో మొదట తానే దిగి అరవై అడుగుల లోతున ఎనిమిది గంటలు గడిపారు. అప్పటికి ఆయన వయసు 58. ఆ తరువాతే రాబర్ట్ స్టెన్విట్ అనే బెల్జియన్ డైవర్ రెండు వందల అడుగుల లోతున ఒక రోజుకు పైగా ఉన్నాడు. ఇంకొకరిని దింపే ముందు తను దిగి చూడటం ఆయన అలవాటు.

1971లో జాన్సన్ సీ లింక్ అనే చిన్న జలాంతర్గామి నీళ్లలోకి దిగింది. ముందు భాగం పారదర్శకమైన ఆక్రిలిక్ గోళం, అందులో నడిపేవాడూ చూసేవాడూ. వెనక అల్యూమినియం గది, అందులోంచి డైవర్లు నీళ్లలోకి దిగొచ్చు. 1973 జూన్ 17న ఫ్లోరిడాలోని కీ వెస్ట్ దగ్గర, చేపలు చేరడానికని ముంచిన పాత యుద్ధనౌక శిథిలాల దగ్గరికి అది వెళ్లింది. నలుగురున్నారు. వెనక గదిలో లింక్ కొడుకు క్లేటన్, 31 ఏళ్లవాడు, అతనితో ఆల్బర్ట్ స్టోవర్. శిథిలాల తీగల్లో జలాంతర్గామి చిక్కుకుపోయింది.

దాన్ని విడిపించేసరికి ఒక పగలు, ఒక రాత్రి, మళ్లీ ఒక పగలు గడిచాయి. ముందు గోళంలోని ఇద్దరూ బతికారు. వెనకున్న ఇద్దరూ బతకలేదు. మనిషి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే రసాయనం రెండు గదుల్లోనూ ఉంది. ఆక్రిలిక్ గోడ లోపలి వెచ్చదనాన్ని నిలిపింది. అల్యూమినియం గోడ దాన్ని చల్లటి సముద్రానికి వదిలేసింది. గది చల్లబడేకొద్దీ రసాయనం పని మందగించింది. గాలి ఉంది, రసాయనం ఉంది, గోడ గట్టిగానే ఉంది. చలి, చిక్కుకోవడం, అన్ని గంటలు, మూడూ ఒకేసారి వచ్చిపడ్డాయి.

ఎంతోమంది తల్లుల కొడుకులు విమానాల్లోంచి క్షేమంగా తిరిగి రావడానికి కారణమైన మనిషికి ఇలా జరిగిందని చదివినప్పుడు నేను కాసేపు ముందుకు చదవలేకపోయాను. అప్పటికి ఆయన దాదాపు డెబ్భై ఏళ్లవాడు. సముద్రం పని మానేస్తే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. మారియన్, ఆయన ఆ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో మనకు తెలియాల్సిన పని లేదు. తెలిసింది ఆయన తరువాత చేసిన పనే. అడుగున చిక్కుకున్న జలాంతర్గామి దగ్గరికి మనిషి లేకుండా వెళ్లే యంత్రం ఒకటి రూపొందించారు. పైనున్న ఓడ నుంచి కేబుల్‌తో నడుస్తుంది. కెమెరా ఉంటుంది, చిక్కుపడిన తీగలను తొలగించే సరంజామా ఉంటుంది. 1973 జూన్‌లో ఆ చోట లేనిది అదే. జాన్సన్ సీ లింక్ కూడా ఆగిపోలేదు. ఆ తరహా రెండోది కూడా తయారై, రెండూ దశాబ్దాలపాటు సముద్ర పరిశోధనలో పనిచేశాయి.

ఎడ్విన్ లింక్ 1981 సెప్టెంబర్ 7న బింగమ్టన్‌లో కన్నుమూశారు. గాజు తీగలు విమానం రెక్కల మీదికి ఎక్కడం ఆయన చూడలేదు. ఆ ఊరి విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు. అక్కడ టెర్మినల్‌లో, ప్రయాణికులు వచ్చిపోయే దారిలో, నీలం ఒళ్లు పసుపు రెక్కల పెట్టె ఒకటి ప్రదర్శనకు ఉంచారు.